కళ్ళద్దాల్లో గొడుగు

వెలిగపాలెం,
జనవరి 28.

అమ్మాయ్ శాంతీ,

మీ అత్త రెబ్కా వందనాలు. ఉత్తరం చూసి కంగారు పడకు, మేమంతా బాగానే ఉన్నాం. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసుగా. ఫోన్‌లో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది మాత్రం మా వీధి మొత్తానికీ వినపడుతుంది. ఇప్పుడు రాసేది వీధికి తెలియకూడని సంగతి. కూరగాయల వ్యాన్ బాజీ రోజూ ఒంగోలు వస్తాడు కాబట్టి అతని చేత పంపుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

సంగతేమిటంటే, నేను సర్పంచ్‌గా నిలబడుతున్నాను.

నవ్వుకోవడం అయ్యాక మిగతాది చదువు. ఈసారి మా ఊరి సీటు ఆడవాళ్ళకొచ్చింది. వచ్చిందని తెలిసిన పూటే మిర్చి ఏజెంటు మార్క్ తన భార్య దీవెనమ్మను నిలబెడుతున్నట్టు చెప్పేశాడు. బస్టాండులో ఫ్లెక్సీ కూడా కట్టాడు. అందులో మార్క్ మొహం చాటంత ఉంది. నిలబడే మనిషి మాత్రం ఒక మూలన తపాలా బిళ్ళంత ఉంది. అది చూసి మా కూలి ముఠా ఆడవాళ్ళు కల్లంలో ఒకటే గోల. "నువ్వు నిలబడక్కా, మాకు ముఠా మేస్త్రివి నువ్వేగా, ఆఫీసుల్లో కూడా అట్టాగే అరుద్దువు" అన్నారు. మీ ఫిలిప్ మామయ్యను అడిగితే, "నిలబడితే నిలబడు, నన్ను మాత్రం మాట్లాడమనకు" అన్నాడు. ఆయనకి అంతకన్నా పెద్ద ఒప్పుకోలు రాదు.

నీతో పని ఏమిటంటే, నాకొక ఫోటో కావాలి. కరపత్రానికి, ఫ్లెక్సీకి. చర్చి పండక్కి మార్టూరు నుంచి ఒకతను వచ్చి తీసిన ఫోటో ఉందిగాని, దాన్ని కంప్యూటర్లో పెట్టి నన్ను తెల్లగా చేసేశాడు. పిడుగురాళ్ల సున్నం కొట్టిన గోడలా ఉన్నాను. మీ మామయ్య ఆ ఫోటోలో నన్ను వెతికి వెతికి పక్కావిడ్ని చూపించాడు. నా మొహం చూసి ఓటెయ్యాల్సినవాళ్ళు ఆ మొహాన్నే పోల్చుకోలేకపోతే ఎలాగమ్మా? నా మొహం నా మొహంలాగే ఉండాలి. నేను అడిగేది అదొక్కటే.

మీ నాన్న క్రీస్తుదాసుకి ఇప్పుడే చెప్పకు. మా తమ్ముడైతే అయ్యాడుగాని వాడి నోట్లో ఏ మాటా నిలవదు.

నీ మేనత్త,
రెబ్కా

ఒంగోలు,
జనవరి 30.

అత్తా, నా సర్పంచ్ అత్తా!

నవ్వలేదు. ఒట్టు. చదివి లేచి నిలబడ్డాను. చిన్నప్పుడు సెలవులకి వస్తే నన్ను చేను గట్టు మీద కూర్చోబెట్టేదానివి. నువ్వొక్క కేక వేస్తే మన ముఠాయే కాదు, పక్క చేలో వాళ్ళు కూడా గబగబా కాయలు కొయ్యడం మొదలుపెట్టేవాళ్ళు. ఈవిడ ఎక్కడ నిలబడితే అక్కడ అందరూ ఈవిడ మాటే వినాలేమో అని అప్పుడే అనుకున్నాను.

ఫోటో నేనే తీస్తాను, ఇంకెవరి దగ్గరికీ వెళ్ళకు. స్టూడియో పెట్టి ఇంకా ఏడాది కాలేదు కదా, ఇప్పటిదాకా పాస్‌పోర్టు ఫోటోలు, పుట్టినరోజు పిల్లలు, అంతే. నీ మొహాన్ని ఊరంత పెద్దది చేసి కడతారంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. సరిగ్గా ఇప్పుడే గొడుగు దగ్గర ఆగిపోయాను.

గొడుగంటే వానకి కాదు. లైటును నేరుగా మనిషి మీదకి తిప్పితే మొహం మీద నీడలు గీతలు గీసినట్టు పడతాయి. అందుకని లైటును అటు, గొడుగు లోపలికి తిప్పుతాం. ఆ వెలుగు గొడుగు గుడ్డకి తగిలి, పరుచుకుని, వెనక్కి వచ్చి మనిషి మీద పడుతుంది. లోపలి గుడ్డ తెల్లదైతే మెత్తగా, అంతటా ఒకేలా పడుతుంది. సిల్వర్ గొడుగైతే గట్టిగా, నిక్కచ్చిగా పడుతుంది, మెరుపు ఎక్కువ. పెద్ద గొడుగా చిన్న గొడుగా అన్నది మళ్ళీ ఇంకో తగవు. తెలిసిన షాపులో వాడి చూసి తిరిగిమ్మని రెండు రకాలూ ఇచ్చారు. షాపతను, "తెల్లదే తీసుకోండమ్మా, అందరూ అదే వాడతారు" అంటాడు. అందరూ అదే వాడతారు కాబట్టే నాకు అనుమానం.

కూర్చోబెట్టి చూద్దామంటే మనుషులు దొరకలేదు. నీ రంగుకి దగ్గరగా ఉంటుందని బజారు నుంచి ఒక మంచి నల్ల వంకాయ తెచ్చి కుర్చీలో పెట్టాను. తెల్ల గొడుగు కింద వంకాయ నున్నగా, నెమ్మదిగా కనిపించింది. సిల్వర్ కింద నిగనిగలాడింది. రెండూ బాగున్నాయి. ఏం చెయ్యాలో తోచడం లేదు. నువ్వొచ్చి కూర్చుంటేగాని తేలదు.

ఎప్పుడొస్తావు?

నీ శాంతి

వెలిగపాలెం,
ఫిబ్రవరి 1.

ఏమే శాంతీ,

వంకాయతో పోల్చినదానివి నువ్వొక్కదానివే. మీ మామయ్యకి చదివి వినిపించాను. ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అప్పట్నుంచి కూరల్లోకి ఏం కావాలని అడిగితే నా వంకే చూస్తున్నాడు. ఉండు, ఎన్నికలయ్యాక నీ సంగతి చూస్తాను.

అయినా నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక ఫోటోకి ఇంత ఆలోచన ఉంటుందని నాకు తెలియదు. వచ్చి కూర్చుంటే బటన్ నొక్కి పొమ్మంటారనుకున్నాను. నువ్వు ఒంగోల్లో గదిలో తలుపేసుకుని వంకాయకి లైట్లు వేసి చూస్తున్నావంటే నాకు ముచ్చటేసింది. మా మేనకోడలని ముఠాలో చెప్పుకున్నాను. వంకాయ సంగతి మాత్రం చెప్పలేదు.

గొడుగుల విషయం నాకు కుదరడం లేదు. సిల్వర్ అంటే మనం అన్నం వండుకునే గిన్నెల సిల్వరేగా? అది మసిబారితే బూడిదేసి తోమాలి. అలాంటిదాన్ని గొడుక్కి ఎందుకు కుట్టారో! ఇంకోటి, తెల్ల గొడుగు మాత్రం వద్దే వద్దు. నన్ను తెల్లగా చెయ్యొద్దని మొదటి ఉత్తరంలోనే రాశానా? మళ్ళీ తెల్లదంటావేంటి? నీకు కూడా నా నలుపు అడ్డమొచ్చిందా? అదే అయితే మొహమాటపడకుండా చెప్పు, నేనేమీ అనుకోను. అనుకుంటాను. అయినా చెప్పు.

రేపు నామినేషన్ వేస్తున్నాను. ప్రార్థన చెయ్యి. శుక్రవారం మొదటి బస్సుకి వస్తాను.

రెబ్కా

ఒంగోలు,
ఫిబ్రవరి 2.

అత్తా,

బాజీ తొందరపెడుతున్నాడు, అందుకే నాలుగు ముక్కలే.

సిల్వర్ అంటే గిన్నెల సిల్వర్ కాదు, అసలు వెండీ కాదు. వెండిరంగు పూసిన గుడ్డ. తెల్ల గొడుగు మనిషిని తెల్లగా చెయ్యదు. నిన్ను సున్నం కొట్టింది గొడుగు కాదు, ఫోటో తీశాక అతను కంప్యూటర్లో చేసిన పని. నేను కంప్యూటర్లో నీ మొహం మీద చెయ్యి వెయ్యను. మాటిస్తున్నాను.

నీ నలుపు నాకు అడ్డమొస్తుందా? నేనెవరి పోలికనుకుంటున్నావు?

పెద్ద తెల్ల గొడుగు కొనేశాను. సిల్వర్ దాని కింద చెమట కూడా నూనె రాసినట్టు మెరుస్తుందని భయపడ్డాను, నువ్వు బస్సులో వస్తావు కదా. ఆ ఇటుకరంగు చీర కట్టుకునిరా, అందులో నువ్వు దొరసానిలా ఉంటావు.

శాంతి

వెలిగపాలెం,
ఫిబ్రవరి 7.

శాంతీ,

ముందు మంచి మాట రాస్తాను. తరవాత కోపం.

ఈరోజు బాజీ కవరు తెచ్చాడు. ఫోటో చేతిలో పట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయాను. అది నా మొహమే. నుదుటి మీద గీతలు ఉన్నాయి, గడ్డం మీద మచ్చ ఉంది, ముక్కు పక్కన మడత కూడా ఉంది. ఒక్కటి తీసెయ్యలేదు. అన్నీ ఉండి కూడా అంత బాగుందేమిటే? నా నలుపు అంత బాగుంటుందని ఇన్నేళ్ళ నుంచీ అద్దం చూసుకుంటూ కూడా నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు.

ఇక కోపం. పొద్దున పంచాయతీ ఆఫీసులో గుర్తులిచ్చారు. ఆఫీసరు అందరి ముందూ చదివాడు. రెబ్కా, కత్తెర. దీవెనమ్మ, గొడుగు. గొడుగు అనగానే మార్క్ మనుషులు ఈలలు వేశారు. కత్తెర నాకు నచ్చింది, పోనీలే అని ఇంటికొచ్చాను. వచ్చాకే నీ కవరు విప్పింది. నేను ఏడుస్తూ ఉంటే మీ మామయ్య ఫోటో అందుకుని, వెలుగులో పెట్టి చూసి, "ఏమే, నీ కళ్ళద్దాల్లో గొడుగేందే?" అన్నాడు.

చూద్దును కదా, ఉంది! రెండద్దాల్లోనూ రెండు తెల్ల గొడుగులు. ఊచలతో సహా, మధ్యలో కాడతో సహా, తెరిచిపెట్టిన గొడుగులు. నా రెండు కళ్ళలో దీవెనమ్మ గుర్తు! ఫ్లెక్సీ మీద నా మొహం తలుపంత అయితే ఆ గొడుగులు అన్నం పళ్ళేలంత అవుతాయి. రెబ్కా కళ్ళలోకి చూసి గొడుగుకి ఓటెయ్యండని నేనే ఊరంతా చెప్పినట్టుంటుంది. మార్క్‌కి ఖర్చు లేకుండా ప్రచారం!

అడగక తప్పక అడుగుతున్నాను. మార్క్ మనుషులెవరైనా మీ స్టూడియోకి వచ్చారా? నీతో ఏమన్నా మాట్లాడారా? ఉన్నది ఉన్నట్టు రాయి.

రెబ్కా

ఒంగోలు,
ఫిబ్రవరి 8.

అత్తకు,

నువ్వు నా స్టూడియోలో కూర్చుంది శుక్రవారం. ఎవరి గుర్తేమిటో ఆ రోజుకి ఆ ఆఫీసరుక్కూడా తెలియదు. అది ఒక్కసారి ఆలోచించి ఉంటే ఆ చివరి మాటలు రాసేదానివి కాదు. ఉదయం నుంచి అన్నం తినబుద్ధి కాలేదు. నీ ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. నేను తీసిన వాటిలో ఇంతకంటే మంచిది లేదు, అలాంటిదాని మీద నీకు అనుమానం వచ్చింది.

తప్పు నాదీ ఉంది. కళ్ళద్దాలున్నవాళ్ళకి పెద్ద గొడుగు వాడితే అది అద్దంలో కనిపిస్తుంది. గొడుగు ఎంత పెద్దదైతే అద్దంలోంచి దాన్ని తప్పించడం అంత కష్టం. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. కళ్ళలో ఆ తెల్లటి మెరుపు ఉంటే మనిషి జీవంతో ఉన్నట్టుంటుందని మురిసిపోయానేగాని అది ఎవరికైనా ఓటుగుర్తు అవుతుందని నాకెలా తెలుస్తుంది? ఏ పుస్తకంలోనూ రాయలేదు.

కంప్యూటర్లో చెరిపెయ్యొచ్చు. నీకిచ్చిన మాట పోతుంది, పైగా అక్కడ నీ కన్ను మసకబారినట్టు అవుతుంది. కళ్ళద్దాలు తీసి దిగితే గొడవే లేదు. లేకపోతే అందరూ చేసేది ఒకటుంది, తల కొంచెం వంచితే చాలు. అద్దాలు కిందికి తిరుగుతాయి, గొడుగు కనపడదు. రేపు రాగలిగితే మళ్ళీ తీస్తాను.

శాంతి

వెలిగపాలెం,
ఫిబ్రవరి 9.

నా బంగారు తల్లీ,

నన్ను క్షమించు. గుర్తులిచ్చిన రోజు తారీఖు వేళ్ళ మీద చూసుకుని సిగ్గుతో చచ్చిపోయాను. ఈ ఎన్నికలొచ్చాక పాలు పోసే మనిషిని కూడా అనుమానంగా చూస్తున్నాను. మీ మామయ్య రెండు రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. "ఆ పిల్లనా అడిగేది?" అన్నాడు. ముందు నువ్వు అన్నం తిను.

కళ్ళద్దాలు మాత్రం తియ్యను. ఊళ్ళో ఇంకో ఇద్దరు రెబ్కాలున్నారు, నన్ను కళ్ళద్దాల రెబ్కా అంటేనే తెలుస్తుంది. అవి తీస్తే నేను ఎవరినో!

తల వంచమన్నావు. నువ్వు ఫోటో కోసమే అన్నావు, నాకు తెలుసు. కానీ అమ్మా, ఊహ తెలిసిన దగ్గర్నుంచి నేను వంగే ఉన్నాను. మిరపకాయ కోస్తే వంగాలి, పత్తి తీస్తే వంగాలి, నాట్లేస్తే వంగాలి. కూలి అడగడానికి పోయినా ముందు వంగే నిలబడేదాన్ని, మేస్త్రినయ్యాక మానేశాను. ఎవరో నా మీద కోపంతో వంచారని కాదు, పనే అలాంటిది. ఊరు మొత్తం చూసే ఒక్క ఫోటోలో నేను నిటారుగా ఉండాలి. ఎదురుగా చూడాలి. అది కుదరదంటే ఫోటో లేకుండానే ఓట్లడుగుతాను, ఏం చేస్తాం.

నీ మీద కోపంతో కాదు సుమా. నా మొండితనమే.

రెబ్కా

ఒంగోలు,
ఫిబ్రవరి 10.

అత్తా,

అన్నం తిన్నాను. నీ ఉత్తరం చదివాక రెండోసారి కూడా తిన్నాను.

నువ్వు వంచొద్దు. గొడుగునే పైకి పంపిస్తాను.

నిన్నంతా అదే పని. కింద కుట్టుమిషన్ నజీరాకి కళ్ళద్దాలుంటే పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. తల నిటారుగా పెట్టమని, లైటు పైకి పైకి జరుపుతూ పోయాను. పెద్ద తెల్లది ఎంత ఎత్తినా అద్దంలో ఒక అంచు కనపడుతూనే ఉంది. ఇంకా ఎత్తుదామంటే ఈ గదిలో నాకన్నా ముందున్నవాళ్ళు వేసిన ఫాల్స్ సీలింగు తగులుతోంది. షాపుకి పరిగెత్తి, చిన్న సిల్వర్ గొడుగు పట్టుకొచ్చాను. చిన్నదవడం వల్ల అద్దంలోంచి తొందరగా తప్పుకుంటుంది. అంత ఎత్తునుంచి కూడా దాని వెలుగు బలంగా దిగుతుంది. తెల్లదైతే ఆ ఎత్తులో నీరసపడిపోయేది. నీ ఒక్క మాటతో తేలిపోయింది, వంకాయతో తేలనిది! నువ్వు వంగనంటేనే నాకు ఏ గొడుగు కావాలో తెలిసింది.

చెమట మెరిస్తే మెరవనీ. నీ మొహానికి అది కొత్తా?

ఇప్పుడు కావాల్సింది ఎత్తైన చోటు. మామయ్య కాపలా ఉండే జిన్నింగ్ మిల్లులో పత్తి నిలవుంచే షెడ్డు ఎంత ఎత్తో నాకు గుర్తుంది. ఆదివారం మిల్లు ఉండదుగా. ఓనరుగారిని అడగమను. ఆరాధన అవ్వగానే అక్కడే తీసేద్దాం. స్టాండ్లు, లైటు నేను బాజీ వ్యాన్లో తెస్తాను.

నీ శాంతి

వెలిగపాలెం,
ఫిబ్రవరి 15.

శాంతమ్మా,

నిన్న ఫోటో అవ్వగానే నువ్వు వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయావు. ఇవాళ పొద్దుటికల్లా ఫ్లెక్సీ వచ్చేసింది, కట్టేశాం. ఎలా ఉందో నువ్వు చూడలేదుగా, నేను రాస్తాను.

ముందు నిన్ను గురించి రాయాలి. ఆ షెడ్డులో నువ్వు పనిచేస్తుంటే చూశాను. పత్తి బేళ్ళ మీద నిచ్చెనేసుకుని ఎక్కి, స్టాండు బిగించి, దిగి, నా దగ్గరికొచ్చి అద్దంలోకి చూసి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి. జుట్టు నిండా దూది. మీ మామయ్య నేనెక్కుతానంటే, "మామయ్యా, మీరు మెడ నొప్పి పెట్టేలా పైకి చూడకండి, కూర్చోండి" అన్నావు. మీ నాన్న ఇంట్లో ఎవరో ఒకరు ఇంత నిక్కచ్చిగా పనిచేస్తారని నేనెప్పుడూ అనుకోలేదు. మా ముఠాలో నీలాంటిది ఒక్కతి ఉంటే సగం పొద్దుకే చేను అయిపోయేది.

ఇక ఫ్లెక్సీ. బస్టాండులో మార్క్‌ది ఉంది కదా, దాని ఎదురుగా కట్టారు. నేనొక్కదాన్నే ఉన్నాను. పక్కన కత్తెర. ఎవరి దండలూ లేవు, వెనక నాయకులూ లేరు. కళ్ళద్దాలు తేటగా ఉన్నాయి, లోపల కళ్ళు కనపడుతున్నాయి. కంట్లో పైన చిన్న చుక్క మెరుస్తోంది, అది గొడుగో నక్షత్రమో ఎవడూ చెప్పలేడు. చెంప ఎముక మీద వెలుగు పడి, నా నలుపు నిగనిగలాడుతోంది. నీ వంకాయే గెలిచింది.

మా ముఠా వాళ్ళు పనికి పోతూ ఆగి, "ఇదిగో మనక్క" అన్నారు. ఫలానా అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆటో స్టాండు అల్లాబక్షు ఊరికే చూసి, "రెబ్కమ్మా, బాకీ వసూలుకి వచ్చినట్టు చూస్తన్నావే" అన్నాడు. నాకు అది చాలు.

మధ్యాహ్నం దీవెనమ్మ కూడా అటుగా పోతూ ఆగింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నా ఫోటో వంకే చూసింది. మార్క్ వెనక నుంచి పిలిస్తే వెళ్ళిపోయింది.

ఎల్లుండి పోలింగ్. ప్రార్థన చెయ్యి.

అత్త

ఒంగోలు,
ఫిబ్రవరి 16.

అత్తా,

ఒక పని చేశాను, ముందే చెప్పకుండా. నీ ఫోటో పెద్దది చేయించి స్టూడియో మెట్ల దగ్గర పెట్టాను. వచ్చినవాళ్ళందరూ ఆగుతున్నారు. ఒకాయన, "ఈవిడ ఏ డిపార్టుమెంటండీ?" అని అడిగాడు. సర్పంచ్ అన్నాను. తొందరపడ్డానంటావా? పడితే పడ్డాను.

కొత్తపట్నం నుంచి ఒక పడవలాయన కూతుర్ని తీసుకొచ్చాడు. ఆ పిల్ల మెట్ల దగ్గర నిన్ను చూసి, "నన్ను కూడా ఈవిడ రంగులోనే తియ్యండి" అంది. నాన్న తెల్లగా కావాలంటున్నా వినలేదు. చిన్న సిల్వర్ గొడుగుతోనే తీశాను.

గెలిచినా ఓడినా ఆ ఫోటో మెట్ల దగ్గర్నుంచి తియ్యను.

నీ శాంతి

వెలిగపాలెం,
ఫిబ్రవరి 19.

శాంతీ,

ఓడిపోయాను. మీ నాన్న ఈపాటికి ఒంగోలంతా చెప్పే ఉంటాడు. పెద్ద తేడా లేదు, అయినా ఓటమి ఓటమే. మార్క్ మనుషులు టపాకాయలు కాల్చారు. నాకు ఎలాగూ సరిగ్గా వినపడలేదు. నిన్న ఒకపూట ముసుగేసి పడుకున్నాను. బాధగానే ఉంది, లేదని రాస్తే నువ్వు నమ్మవు. ఈరోజు మళ్ళీ కోతకి పోయాను. మార్క్ ఫ్లెక్సీని అప్పుడే ఎవరో విప్పి కల్లంలో మిరపకాయల కింద పరిచారు. నాది కూడా అడిగారుగాని మీ మామయ్య ఇవ్వనన్నాడు. మాట్లాడనన్న మనిషి అంత గట్టిగా మాట్లాడటం ఊరు మొదటిసారి విన్నది.

ఇది కాదు నేను రాయాలనుకున్నది.

సాయంత్రం దీవెనమ్మ మా ఇంటికొచ్చింది. ఒక్కతే, పెరటి దారిన. గెలిచిన మనిషి ఓడిన మనిషింటికి ఎందుకొచ్చిందా అని నేను చీపురు పట్టుకునే నిలబడ్డాను. దగ్గరికొచ్చి అరుగు మీద కూర్చుంది. పంచాయతీ ఆఫీసు గోడకి సర్పంచ్ ఫోటో పెట్టాలట. మార్క్ వాళ్ళ పెళ్ళిరోజు ఫోటో ఇస్తానన్నాడట, ఇద్దరూ ఉన్నది.

"అక్కా, నీ ఫోటో తీసిందెవురు?" అంది.

"మా మేనకోడలు. ఒంగోల్లో."

"నన్ను కూడా తీసుద్దా?"

"ఎందుకు తియ్యదు? దాని పనే అది."

చెంగు వేలికి చుట్టుకుంది. గెలిచినందుకు ఇవాళ కూడా దండలు వేసినట్టున్నారు, మెడ మీద ఒరుపు ఎర్రగా ఉంది. మెల్లగా అడిగింది.

"ఒక్కదాన్నే దిగొచ్చా అక్కా?"

శాంతీ, నేను ఓడిపోయినందుకు ఏడవలేదు. ఆ మాట అడిగినప్పుడు మాత్రం చీపురు పడేసి, ఆవిడ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ఊరికి సర్పంచ్ అయిన మనిషి అది అడగడానికి పెరటి దారిన రావాలా? "దిగొచ్చు. ఒక్కదానివే దిగాలి. సర్పంచ్‌వి నువ్వొక్కదానివే" అని చెప్పాను.

సోమవారం తనని నేనే తీసుకొస్తున్నాను. ఆవిడకి కళ్ళద్దాలు లేవు, నీ పెద్ద తెల్ల గొడుగు వాడుకో. కళ్ళలో గొడుగు పడినా పర్వాలేదు, ఆవిడ గుర్తేగా. మనిషి మెత్తన, తొందరపెట్టకు. మనకెంత శ్రద్ధగా చేశావో అంత శ్రద్ధగానూ చెయ్యి. ఇంకాస్త ఎక్కువే చెయ్యి.

మార్క్ కూడా కారులో వస్తానంటున్నాడు. స్టూడియో చిన్నది, ఇంకో మనిషికి చోటుండదని చెప్పాను. వచ్చి తలుపు కొడితే నువ్వూ అదే చెప్పు.

నీ అత్త